ఎడమచేతి వాటం పనిముట్లు

మామయ్య పెద్దకర్మ నాడు చివరి పంక్తి లేచి, పందిరి కింద విస్తళ్లు ఎత్తుతున్న వేళ అత్తయ్య నన్ను పెరటి గదిలోకి పిలిచింది. అటక మీది నుంచి దింపించిన ఆకుపచ్చ ఇనపపెట్టె ఒకటి గది మధ్యలో ఉన్నది. "ఇది నువ్వు తీసుకుపో నాయనా. ఇందులో వాటి పేర్లు కూడా మా పిల్లలకు తెలియవు. పాత సామాన్లవాడికి వేసేద్దామంటున్నారు. నాకు మనసొప్పలేదు" అన్నది. హాల్లో పూలదండ వేసి ఉన్న మామయ్య ఫొటో ఎవరో సెల్‌ఫోనులో తీసి, పెద్దది చేయించినది. ఊళ్లో సగం ఇళ్లలో దండలు పడిన ఫొటోలను తన చేతులతో అచ్చువేసిన మనిషికి తన ఫొటో తీయించుకునే తీరిక దొరకలేదు.

గొళ్లెం తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో సుత్తితో రెండు దెబ్బలు వేయవలసి వచ్చింది. మూత లేవగానే పుల్లటి వాసన గుప్పుమన్నది. డార్క్‌రూమ్‌లో, కాగితం మీద బొమ్మను తేల్చే డెవలపరు తరవాతి ట్రేలో పోసే ఎసిటిక్ ఆమ్లపు వాసన అది. సీసా ఏదైనా పగిలిందేమోనని వెతికాను. లేదు. ఆ వాసన పాత నెగటివ్‌లది. ఎసిటేటుతో తయారైన ఫిల్ము ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురైతే శిథిలమై, అదే ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. డెల్టా ఉక్కలో, పెంకుటింటి అటక మీద, ముప్ఫై నలభై ఏళ్ల పెళ్లిళ్లూ బారసాలలూ షష్టిపూర్తులూ ఆ పెట్టెలో నెమ్మదిగా పులిసిపోతూ ఉన్నాయి.

నెగటివ్‌ల కింద పనిముట్లు ఉన్నాయి. వాటిలో కొన్నది ఒక్కటి కూడా లేదు. సైకిలు స్పోకులకు అంటించిన నల్ల అట్టముక్కలు, గొడుగు ఊచతో చేసిన చిన్న త్రాసు, తెల్లదారం చుట్టి ఉన్న ఇత్తడి నట్టు, విరిగిన హాక్సా బ్లేడును అరగదీసి చేసిన కత్తి. ఆ కత్తిని తీసి అలవాటు కొద్దీ కుడిచేతిలో పట్టుకున్నాను. అది నా చేతిలో ఇమడలేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది, మామయ్యది ఎడమచేతి వాటం.

*

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి. ఊరి మధ్యగా మూడు కాలువలు పారతాయి. రైల్వే జంక్షను కావడం వల్ల రాత్రింబవళ్లు ఇంజను కూతలు వినబడేవి. మామయ్య ఫొటో స్టూడియో వీధివైపు ఒక గది, వెనకవైపు ఒక గది. ముందు గదిలో రంగుల తెర, రెండు దీపాలు, ఒక స్టూలు ఉండేవి. వెనక గది డార్క్‌రూమ్. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే అమ్మ నన్ను తెనాలి బండి ఎక్కించేది. బడి తెరిచేదాకా నా పగళ్లలో ఎక్కువ భాగం ఆ వెనక గది చీకటిలోనే గడిచేవి.

చీకటి అంటే నిజానికి ఎర్రటి వెలుతురు. ఫొటో కాగితం నీలి వెలుగును పట్టుకున్నట్టు ఎరుపును పట్టుకోదు కనుక ఎర్రదీపం కింద అచ్చుపని చేసుకోవచ్చు. ఫిల్ము కడిగేటప్పుడు మాత్రం అదీ ఆర్పేయవలసిందే. బజారులో దొరికే దీపం ఖరీదు చూసి మామయ్య పాత సామాన్ల కొట్టులో రైల్వే గార్డు చేతిలాంతరు ఒకటి సంపాదించాడు. దాని ఎర్రద్దాన్ని తీసి బిస్కట్ల డబ్బా ముఖాన బిగించి, లోపల చిన్న బల్బు పెట్టాడు. అద్దం ఎర్రగా ఉన్నంత మాత్రాన నమ్మడానికి వీల్లేదు. ఫొటో కాగితం ముక్క మీద పావలా బిళ్ల పెట్టి, ఆ దీపం కింద అయిదు నిమిషాలు ఉంచి, తీసి డెవలపరులో వేశాడు. బిళ్ల ఆకారం కాగితం మీద కనబడితే దీపం పనికిరాదన్నమాట. మొదటిసారి చుట్టూ లేత బూడిదరంగు పాకి, బిళ్ల ఉన్నచోట తెల్లటి గుండ్రటి గుర్తు తేలింది. బల్బును వెనక్కి జరిపి, అద్దం వెనక ఎర్ర గాజుకాగితం ఇంకో పొర వేసి మళ్లీ చూశాడు. మూడోసారికి కాగితం తెల్లగా బయటికి వచ్చింది. ఆ మూడు ముక్కలనూ డబ్బా వెనక అంటించి ఉంచాడు. ఇప్పుడు పెట్టెలో ఆ డబ్బా కూడా ఉన్నది. ముక్కలు మాత్రం ఊడిపోయాయి.

నాణేల సంగతి వచ్చింది కాబట్టి త్రాసు గురించి ఇక్కడే చెప్పాలి. తయారుగా దొరికే డెవలపరు పొట్లాలు కొనడం స్టూడియోకు తలకు మించిన ఖర్చు. మామయ్య రసాయనాలు విడివిడిగా తెప్పించుకుని తానే కలిపేవాడు. ఫిల్ముకు ఆయన వాడినది కొడాక్ వారి డి-76 పాళ్లు: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్సు 2 గ్రాములు. వంద గ్రాముల రాయి ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. రెండు గ్రాములు తూచే త్రాసు మాత్రం కంసాలి దగ్గర తప్ప ఉండదు. మామయ్య గొడుగు ఊచ ఒకటి తీసుకుని, దాని నడిమధ్య దారం కట్టి వేలాడదీసి, రెండు చివరలా బూటుపాలిష్ డబ్బా మూతలు తగిలించాడు. తూకపురాళ్లకు బదులు నాణేలు వాడాడు. ఆ కాలపు అల్యూమినియం 2 పైసల బిళ్ల సరిగ్గా ఒక గ్రాము. పావలా రెండున్నర గ్రాములు, అర్ధరూపాయి అయిదు గ్రాములు. అంటే హైడ్రోక్వినోన్‌కు ఒక అర్ధరూపాయి, మెటాల్‌కు రెండు రెండుపైసల బిళ్లలు. అరిగిన బిళ్లలు పనికిరావని, కొత్తగా మెరుస్తున్నవే ఏరి అగ్గిపెట్టెలో దాచేవాడు. ఆ అగ్గిపెట్టె జోలికి పోకూడదని నాకు మొదటిరోజే చెప్పాడు. జేబులో చిల్లర లేక సోడా తాగడం మానేసిన రోజున కూడా ఆయన దాన్ని తెరవగా నేను చూడలేదు.

కలపడంలోనూ ఒక వరస ఉండేది. గోరువెచ్చని నీళ్లలో ముందు చిటికెడు సల్ఫైటు, తరవాత మెటాల్, అది పూర్తిగా కరిగిన తరవాతే మిగతా సల్ఫైటు వేయాలి. సల్ఫైటు అంతా ముందే వేస్తే మెటాల్ కరగదు. బొత్తిగా వేయకపోతే గాలి సోకి రంగు మారిపోతుంది. గాజుకడ్డీతో కలిపేటప్పుడు సీసా అంచుకు తగిలి వచ్చే సన్నని గణగణ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. ఆ కడ్డీ కూడా ఆస్పత్రిలో పారేసిన గాజుగొట్టాన్ని స్టవ్వు మంట మీద చివరలు కరిగించి మూసి చేసుకున్నదే.

*

తెనాలి ఎండల్లో నీళ్లు చల్లగా ఉండవు. ఫిల్ము కడగడానికి 20 డిగ్రీలు ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. మే నెలలో మా కుళాయి నీళ్లు చేయి పెడితే కాలినట్టుండేవి. ఒకరోజు ఫిల్ము కడిగే పని మామయ్య నాకు అప్పజెప్పాడు. తొట్టిలో నీళ్లు అయిపోతే, మేడమీది తొట్టి నుంచి బిందెడు తెచ్చి పోశాను. ఫిల్ము మీది జెలటిన్ పొర వేడికి ఉబ్బి, అంచుల నుంచి పాలమీగడలాగా జారి తొట్టిలోకి వచ్చేసింది. అందులో ఒక ఇంటివారి అన్నప్రాశన ఫొటోలు ఉన్నాయి, పన్నెండు.

మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే చొక్కా మార్చుకుని వాళ్లింటికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, మర్నాడు పిల్లవాడికి అదే చొక్కా తొడిగించి మళ్లీ ఫొటోలు తీసి, డబ్బు తీసుకోకుండా ఇచ్చి వచ్చాడు. ఆ మరుసటి రోజు కుమ్మరి దగ్గర పెద్ద కుండ కొని, అడుగున చిల్లు పొడిచి, సెలైను సీసాకు ఉండే సన్నని రబ్బరు గొట్టాన్ని మైనంతో అతికించాడు. కుండ చుట్టూ గోనెపట్టా కట్టి, దాన్ని తడుపుతూ ఉండే పని నాకు ఇచ్చాడు. ఐసుముక్కలు ఊకలో పెట్టి ఉంచుకుని, ట్రే అడుగున ఇంకో పెద్ద బేసిన్ అమర్చి అందులో వేసేవాడు. బొమ్మ చెరగకుండా నిలిపే హైపో ద్రావణంలో కాస్త పటిక కలిపితే జెలటిన్ గట్టిపడుతుందని కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఆ వేసవి అంతా గోనెపట్టా తడుపుతూ గడిపాను. ఇంకొక్క ఫిల్ము కూడా జారలేదు.

ఆరవేసిన ఫిల్ము చుట్టుకుపోకుండా కింది అంచుకు బరువు కట్టాలి. అందుకు బట్టలు ఆరవేసే చెక్క క్లిప్పులకు, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే చేపలవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన వల గుళ్లు కట్టేవాడు. అవి సీసంవి. పై నుంచి పడవ తెరచాప తాళ్లలాగా వేలాడే ఆ ఫిల్ములు ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగిలి చిటపటలాడేవి.

*

నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జరు మామయ్య చేసిన వాటన్నిటిలోకి పెద్దది. కొన్నది కాదని చెబితే స్టూడియోకు వచ్చేవాళ్లు నమ్మేవారు కాదు. దీపపు గూడు ఒక వనస్పతి డబ్బా. నిలువు స్తంభం నీళ్ల గొట్టం. అడుగు పలక పాత ఇంటి తలుపు చెక్క. లెన్సేమో తిత్తి చిరిగిపోయిన మడతల కెమెరా ఒకదాని నుంచి తీసినది. తల బరువుకు కిందికి జారకుండా సైకిలు గొలుసు కట్టి, దాని రెండో కొసకు ఇసక నింపిన సంచి వేలాడదీశాడు. తలను పైకి జరిపితే గొలుసు కటకటమని పళ్ల మీదుగా వెళ్లేది.

దీపం వెలుగు అంతటా సమానంగా పడాలంటే మధ్యలో గరుకు అద్దం కావాలి. దాన్ని మామయ్య తయారు చేయడం నేను పక్కన కూర్చుని చూశాను. లారీ షెడ్డులో వాల్వులు నూరడానికి వాడే గ్రైండింగు పేస్టు బొటనవేలంత అడిగి తెచ్చాడు. మామూలు కిటికీ అద్దం ముక్కను తడి గుడ్డ మీద పరిచి, దాని మీద ఆ పేస్టు, నాలుగు చుక్కల నీళ్లు వేసి, ఇంకొక చిన్న అద్దం ముక్కతో సున్నాలు చుడుతూ రుద్దాడు. మొదట్లో బరబరమనే చప్పుడు, తరవాత తరవాత మెత్తగా, గంధం తీస్తున్నట్టు. అరగంటకు నీళ్లతో కడిగి వెలుగుకు ఎత్తి పట్టాడు. అవతల కిటికీ ఊచలు కనబడకుండా, వెలుగు మాత్రం పాలలాగా దిగుతున్నది. ఒక మూల పిసరంత మెరుపు మిగిలింది. మళ్లీ కూర్చుని ఆ మూల రుద్దాడు.

ఎన్‌లార్జరు వెలుగు కాగితం మీద ఎన్ని సెకన్లు పడాలో లెక్క ఉండాలి. అందుకు ఆయన చేసుకున్నదే ఆ ఇత్తడి నట్టు. లోలకం దారం పొడవు మీటరుకు ఇంచుమించు ఒక సెంటీమీటరు తక్కువైతే ఒకవైపు నుంచి రెండోవైపుకు ఊగడానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది. దూలం మేకు నుంచి తెల్లదారంతో నట్టును వేలాడదీసి, చేతిగడియారం పెట్టుకుని అరవై ఊపులు లెక్కించి, దారాన్ని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపి సరిచేశాడు. నట్టు దిగువన, అది తాకీ తాకనట్టు పోయేలా, ఫిల్ము పీలిక ఒకటి గోడకు గుచ్చాడు. నట్టు అటు పోయినా ఇటు పోయినా పీలికను రాసుకుని సర్‌మనేది. సర్... సర్... సర్... ఊపు తగ్గుతూ వచ్చినా వేళ మారదు. మామయ్య కళ్లు కాగితం మీద, రెండు చేతులూ వెలుగులో, చెవి ఆ నట్టు మీద ఉండేవి.

చాలా ఏళ్ల తరవాత, స్టూడియో బాగా నడుస్తున్న రోజుల్లో, అల్లుడు ఆయనకు విదేశీ టైమరు ఒకటి బహుమతిగా తెచ్చి ఇచ్చాడు. దాన్ని అద్దాల బీరువాలో అందరికీ కనబడేలా పెట్టాడు. పనిలో మాత్రం నట్టే ఉండేది. డబ్బు లేక చేసుకున్నాడని బంధువులు ఇప్పటికీ అంటారు. మొదట్లో అది నిజమే కావచ్చు. టైమరు వచ్చాక కూడా నట్టు ఊగడం నేను చూశాను కనుక ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను.

*

తెనాలి నాటకాల ఊరు. హార్మోనియంలు బాగుచేసేవారికి అక్కడ చేతినిండా పని. స్టూడియోలోని పెద్ద చెక్క కెమెరా తిత్తికి మడతల మూలల్లో చిల్లులు పడినప్పుడల్లా మామయ్య దాన్ని ఒక హార్మోనియం మేస్త్రి దగ్గరికి తీసుకుపోయేవాడు. అట్ట, నల్లగుడ్డ, మూలలకు పల్చటి మేకతోలు. హార్మోనియం తిత్తి పనికీ దీనికీ తేడా లేదు. ఒకదానిలోంచి గాలి పోకూడదు, రెండోదానిలోకి వెలుగు రాకూడదు. కేరళలో అలప్పుళలో కరుణాకరన్ అనే ఆయన హార్మోనియంలు చేసే ఇంటివాడై ఉండి, ఒక స్టూడియో కెమెరా తిత్తిని బాగుచేయబోయి, చివరికి 1940ల్లో వాగీశ్వరి అనే పేరుతో పూర్తి కెమెరానే తయారు చేశాడు. దేశమంతటా స్టూడియోల్లో ఆ కెమెరాలు నిలబడ్డాయి. మామయ్యకు ఈ సంగతి చెప్పడమంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మేస్త్రి తోలు కత్తిరిస్తున్నంతసేపూ అరుగు మీద కూర్చుని, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే చెప్పేవాడు. మేస్త్రి కూడా ప్రతిసారీ "ఔనా అండీ" అనేవాడు.

వెలుగును మళ్లించే పలకలు టీ పెట్టెలతో తయారయ్యేవి. ఆ రోజుల్లో టీ ఆకు పల్చటి ప్లైవుడ్ పెట్టెల్లో, లోపల తగరంలాంటి రేకు పొరతో వచ్చేది. పెట్టె ఖాళీ అయితే మామయ్యకు చెక్కా, రేకూ రెండూ అక్కరకు వచ్చేవి. రేకును గుప్పిట్లో బాగా నలిపి, మళ్లీ విప్పి, మైదా గంజితో చెక్కకు అంటించేవాడు. నలపకుండా అంటిస్తే పెళ్లికూతురి ముఖం మీద అద్దం తళుకులాగా మచ్చ పడుతుంది. నలిగితే వెలుగు పగిలి మెత్తగా పరుచుకుంటుంది. గంజిలో చిటికెడు మైలతుత్తం వేయడం మరిచిపోయిన ఏడాది బొద్దింకలు పలకను అంచుల నుంచి తినేశాయి. మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు.

*

కత్తి విషయం. మామయ్య కత్తిని నేను వాడబోతే ప్రతిసారీ గీత వంకరపోయేది. ఎందుకో తెలియక, నా చేతికి పని రాదేమోనని బెంగపడేవాడిని. ఒకరోజు ఆయన నా చేతిలోంచి కత్తి తీసుకుని అంచును కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. స్కేలుకు ఆనే ముఖం చదునుగా ఉండాలి, వాలు అవతలివైపు ఉండాలి. ఎడమచేత్తో కోసేవాడికి స్కేలు బ్లేడుకు కుడిపక్కన ఉంటుంది. అందుకని ఆయన కత్తికి కుడి ముఖం చదును, ఎడమ ముఖం వాలు. నేను కుడిచేత్తో పట్టుకుంటే వాలు స్కేలుకు ఆని బ్లేడు పక్కకు తొలగిపోతున్నది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది నా కత్తి. నీ కత్తి నువ్వు చేసుకోవాలి" అన్నాడు.

విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఇచ్చి, సైకిలు షాపులో కాలితో తొక్కే సానరాయి దగ్గర కూర్చోబెట్టాడు. రెండు మూడు సార్లు ఆనించగానే నీళ్లలో ముంచమన్నాడు. ఆత్రం కొద్దీ ముంచకుండా పట్టాను. అంచు మీద నెమలికంఠం రంగు పాకింది. రంగు చూడటానికి బాగున్నా అక్కడ ఉక్కు పదును పోయిందని, ఆ మేర విరిచేసి మళ్లీ మొదలుపెట్టమని చెప్పాడు. మూడు సాయంత్రాలు పట్టింది. పిడికి రెండు వెదురు బద్దలు పెట్టి నూలుదారం చుట్టి, పైన వజ్రం జిగురు పూశాము. ఫొటోల అంచులు కత్తిరించే పని మర్నాటి నుంచి నాది. ఆ కత్తి ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. అరిగి అరిగి సగానికి వచ్చింది.

*

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దక్షిణాదిలో కనబడినప్పుడు నేను ఏదో పెళ్లికి వెళ్లి తెనాలిలోనే ఉండిపోయాను. మా ఊళ్లో సూర్యుడు పూర్తిగా మూతపడలేదు. అయినా వీధుల్లో మనిషి లేడు, తలుపులన్నీ వేసి ఉన్నాయి. మామయ్య ముందురోజే మీటరు పొడవున్న అట్టపెట్టెకు ఒక చివర రేకుముక్క అంటించి, ముత్యాలు గుచ్చే సన్నని సూదితో బెజ్జం చేశాడు. రెండో చివర పల్చటి కాగితం. బెజ్జాన్ని సూర్యుడివైపు తిప్పి, వీపు ఎండకు పెట్టి మా చేత చూపించాడు. కాగితం మీద 9 మిల్లీమీటర్ల సూర్యుడు, చవితి చంద్రుడిలాగా కొరికి ఉన్నాడు. అమ్మమ్మ గుమ్మం దాటనని పట్టుబట్టింది. మామయ్య పెట్టెనే గుమ్మంలోకి తెచ్చి, తాను బయట నిలబడి పట్టుకున్నాడు. ఆవిడ లోపల నుంచే వంగి చూసి, చాలాసేపు మాట్లాడలేదు.

ఆ అమ్మమ్మ తరవాత రెండేళ్లకు పోయింది.

పెద్దకర్మకు ఫొటో కావాలి. ఆవిడ ఒంటరిగా ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదు. కొడుకు ఫొటోగ్రాఫరై ఉండి కూడా. మా చిన్నక్క పెళ్లిలో తాటాకు పందిరి కింద ఆడవాళ్ల మధ్య కూర్చున్న నెగటివ్ ఒక్కటి దొరికింది. వెనక సున్నం గోడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, ముందు ఆవిడ ముఖం పందిరి నీడలో. ఉన్నదున్నట్టు అచ్చువేస్తే ముఖం నల్లగా వస్తుంది. ముఖం మీద పడే వెలుగును కొన్ని సెకన్లు అడ్డుకుంటే అక్కడ తేటపడుతుంది. దానికోసమే స్పోకులకు అంటించిన అట్టముక్కలు.

ఆ రాత్రి మామయ్య మొదట గుండ్రటి ముక్కతో ప్రయత్నించాడు. తల చుట్టూ తెల్లటి వలయం వచ్చింది, దేవుడి పటంలాగా. ఆ కాగితాన్ని పక్కన పెట్టాడు. అప్పుడు లెన్సుకూ కాగితానికీ నడుమ తెల్ల అట్ట పట్టుకుని, దాని మీద పడిన అమ్మమ్మ ముఖం అంచు వెంట పెన్సిలుతో గీశాడు. నెత్తిన కొంగు వంపు, చెవి, గడ్డం. కత్తితో ఆ గీత వెంట కోసి, రెండో వైపు నల్లరంగు వేసి ఆరబెట్టి, స్పోకు చివర అతికించాడు. మణికట్టు తిరిగే తీరును బట్టి స్పోకును రెండుచోట్ల వంచాడు. నట్టును ఊపి వదిలే పని నాది.

సర్... సర్... ముక్క వెలుగులోకి వెళ్లింది. ఎక్కడా నిలపకుండా, ఉయ్యాల తొట్టిని ఊపినట్టు, సన్నగా కదుపుతూనే ఉన్నాడు. అలా కదలడం వల్లనే అంచు తెలియదు, స్పోకు నీడ కూడా పడదు. అయిదో ఊపుకు తీసేశాడు. మరో తొమ్మిది ఊపులు ఆగి దీపం ఆర్పాడు. కాగితం డెవలపరులో మునిగింది. ముందు పందిరి గుంజలు తేలాయి, తరవాత కొంగు అంచు, తరవాత కళ్లు. ఆఖరున ముఖం వచ్చింది, ముక్కుపుడకతో సహా. మామయ్య కాగితాన్ని ట్రేలో అటూ ఇటూ ఊపుతూ, హైపోలోకి మార్చవలసిన సమయం దాటినా మార్చలేదు. నేనే చేయి పట్టుకుని చెప్పవలసి వచ్చింది.

*

చదువు అయ్యాక హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక చిన్న యంత్రాల వర్క్‌షాపులో ఉద్యోగం దొరికింది. సెలవు దొరికిన గురువారం జుమ్మేరాత్ బజారుకు, ఆదివారం ఎర్రగడ్డ సంతకు పోయేవాడిని. గుట్టలుగా పోసిన పాత తాళాలు, మీటర్లు, రేడియో భాగాల మధ్య చేయి పెట్టి వెతకడం నాకు మామయ్య నేర్పిన విద్యే. అలా దొరికినదే రష్యావారి జెనిట్ కెమెరా, దానికి 58 మిల్లీమీటర్ల హీలియోస్ లెన్సు. చిన్న వస్తువులను దగ్గరగా తీయడానికి కెమెరాకూ లెన్సుకూ నడుమ ఖాళీ గొట్టం పెడితే చాలు. గొట్టం పొడవు లెన్సు నాభ్యంతరంతో సమానమైతే వస్తువు ఫిల్ము మీద తన అసలు పరిమాణంలోనే పడుతుంది. నేను పీవీసీ గొట్టాన్ని ఆ లెక్కకు కోసి, రెండు చివరలా పాత మూతల మరలు ఎరల్డైట్‌తో అతికించి, లోపల బ్లాక్‌బోర్డు రంగు పూశాను. వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కనుక ఎండ బాగా కావాలి.

సంక్రాంతికి ముందు పైరు ఉన్నప్పుడు ఊరికి వెళ్లి ఒక ఉదయం వరి పూతను దానితో తీశాను. వరి పువ్వు పొద్దున కాసేపే తెరుచుకుంటుంది. పొట్టు రెండు దొప్పలుగా విడిపోయి, ఆరు కేసరాలు గాలికి వేలాడుతూ కనబడతాయి. ఆ ఫొటోను మామయ్యకు ఇచ్చాను. ఆయన ముందు గొట్టాన్ని అడిగి తీసుకున్నాడు. కన్ను పెట్టి లోపల రంగు చూశాడు, అతుకును గోటితో గీరి చూశాడు. తరవాతే ఫొటో చూశాడు. "పుట్టి ఇన్నేళ్లయింది, వరిచేల మధ్యే ఉన్నాను, ఈ పువ్వు చూడలేదురా" అన్నాడు. దాన్ని అద్దాల బీరువాలో టైమరు పక్కన పెట్టాడు.

కలర్ ల్యాబులు వచ్చాక డార్క్‌రూమ్ పని తగ్గింది. ఊటీలో "ఇందు" అనే పేరుతో ఫిల్ము చేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడింది. మా చిన్నతనంలో ఆ నీలగిరుల ఫిల్ము స్టూడియో అంతా ఉండేది. తరవాత దుకాణాల్లో కనబడటం మానేసింది. వాడిన హైపోలో ఉండే వెండి కోసం ఒక మనిషి డబ్బాలతో వచ్చి కొనుక్కుపోయేవాడు. అతను కూడా రావడం మానేశాక మామయ్య వెనక గది కిటికీకి కొట్టిన నల్ల అట్ట తీసేశాడు. అన్నేళ్ల తరవాత ఆ గదిలోకి ఎండ వచ్చింది.

*

పెట్టెను హైదరాబాదు తెచ్చుకుని నాలుగు రోజులు బాల్కనీలో మూత తెరిచి ఉంచాను. వాసన కొంత తగ్గింది. నెగటివ్‌లలో బాగున్నవి వేరు చేసి కాగితపు కవర్లలో పెట్టాను. చాలావాటికి ముడతలు వచ్చాయి. అట్టముక్కల కట్ట అడుగున, మిగతా వాటిలాగా గుండ్రంగా కాకుండా వంకరటింకరగా ఉన్నది ఒకటి కనబడింది. తిప్పి చూస్తే తెల్లటి వైపు పెన్సిలుతో "అమ్మ – 5" అని రాసి ఉన్నది.

రాత్రి అందరూ పడుకున్నాక మా గోడమీది అమ్మమ్మ ఫొటో దింపి, చట్రం విప్పి, బల్ల మీద పరిచాను. గదిలో దీపం ఆర్పి, ఫోను దీపాన్ని బల్లకు అడుగున్నర పైన పుస్తకాల మీద అమర్చాను. ముక్కను నడుమ పట్టుకున్నాను. కుడిచేతిలో స్పోకు వంపు ఎదురు తిరిగి, నీడ చెవి పక్కకు జారిపోయింది. ఎడమచేతికి మార్చాను. మణికట్టు దానంతట అదే ఆ వంపుల్లో కుదురుకున్నది. నెమ్మదిగా పైకి ఎత్తాను. నీడ పెరిగి పెరిగి, గడ్డం దగ్గర నుంచి కొంగు అంచు దాకా అమ్మమ్మ ముఖాన్ని కప్పింది. చేతిని సన్నగా కదుపుతూ, అయిదు లెక్కపెట్టి తీసేశాను.